రొట్టె మీద టమాట

మా మేనమామ పోయాడని అత్తమ్మ ఫోన్ చేసినప్పుడు నేను ఆఫీసులో ఉన్నాను. "మీ మామ పోయిండు బిడ్డా," అని, "ఇన్ని నెలల సంది నోట్లె ఒక్క మెతుకు పోలే. ఉపాసమే పోయిండు," అంది. ఆ మాట నన్నింకా వదల్లేదు.

ఉస్మాన్‌గంజ్‌లో పుట్టి పెరిగిన మామ చాలా ఏళ్లు ఊరికి ఆ చివర ఒక పెద్ద హోటల్లో వంట చేశాడు. ఆయన పని ఇటలీ వాళ్లు భోజనానికి ముందు తినే చిరువంటకాలు. కాల్చిన రొట్టెకు వెల్లుల్లి రుద్ది, పైన టమాట ముక్కలు, ఆలివ్ నూనె, సబ్జా ఆకు వేసే బ్రుస్కెట్టా. ఉప్పునీళ్లలో ఊరిన ఆలివ్ కాయలు. టమాట బిళ్లల మధ్య మెత్తటి తెల్ల చీజ్. తోటివాళ్లకు అది ఉద్యోగం. మామకు ప్రాణం.

పాతబస్తీలో ఉంటూ బిర్యానీ ఇష్టపడని మనిషిని నేను ఆయన్నొక్కడినే చూశాను. ఎందుకని అడిగితే, "మసాలా లొల్లిల టమాట మాట ఇనరాదు," అనేవాడు. ఆదివారం అత్తమ్మ మటన్ వండుతుంటే, ఆయన మేడ మీద కుండీలోని సబ్జా ఆకులు తెంపుకొచ్చి పెనం మీద రొట్టె కాల్చుకునేవాడు. నాకూ ఒక ముక్క ఇచ్చేవాడు. అది నాకు పచ్చిపచ్చిగా అనిపించేది.

"నచ్చలే మామా," అంటే కోపగించుకునేవాడు కాదు. "నాలుక మీద జబర్దస్తీ చెయ్యొద్దు బిడ్డా," అని నేను కొరికిన ముక్కే తీసుకుని తినేసేవాడు. మా ఇంట్లో కాకరకాయ కూర తినేదాకా నన్ను పీట మీంచి లేవనిచ్చేవాళ్లు కాదు. నా నోటికి ఏది పడదో చెబితే నమ్మిన పెద్దమనిషి ఆయనొక్కడే.

కూతురి నిశ్చితార్థానికి నయాపూల్ దగ్గరి ఫంక్షన్ హాల్లో మామ తన వంటకాలకని ఒక బల్ల వేయించుకున్నాడు. టమాటాలన్నీ తనే కోశాడు. "ముందుగాల ఇది తినుండ్రి, ఆకలి లేస్తది," అని వచ్చినవాళ్లను పిలుస్తూ నిలబడ్డాడు. వియ్యంకుడు ఒకటి కొరికి, "ఏంది బావా, టమాట కోసి వండుడు మర్చిపోయినవా?" అన్నాడు. అందరూ నవ్వారు. మామ కూడా నవ్వాడు. బిర్యానీ మూత తీయగానే ఆ బల్ల ముందు ఒక్కరూ మిగల్లేదు. జనం వెళ్లాక చూస్తే, మామ పళ్లెం ఒళ్లో పెట్టుకుని, నాని మెత్తబడిన ముక్కల్ని ఒక్కొక్కటే తింటున్నాడు.

తర్వాత హోటల్ వాళ్లు ఆ వంటలే ఎత్తేశారు. మామకు అఫ్జల్‌గంజ్‌లోని ఒక టిఫిన్ సెంటర్లో మిర్చీలు వేయించే పని దొరికింది. ఇంట్లో కూడా రొట్టె కాల్చుకోవడం మానేశాడు. గొంతులో పుండు లేచింది మరో ఏడాదికి. డాక్టర్లు ముక్కులోంచి గొట్టం వేశారు. ఇక నోటితో తినేది లేదన్నారు.

చివరిసారి చూడటానికి వెళ్లినప్పుడు నన్ను దగ్గరికి పిలిచి, "ఒక్కటి చెయ్యి. నువ్వు తిను, నేను చూస్త," అని గుసగుసగా అన్నాడు. రొట్టె కాల్చి, వెల్లుల్లి రుద్ది, టమాట వేసి తెచ్చాను. దాన్ని ముక్కు దగ్గర పెట్టమని సైగ చేశాడు. వాసన ఆయనకు అందిందో లేదో తెలియదు. మంచం పక్కన కూర్చుని మొత్తం తిన్నాను.

"ఎట్లుంది?"

నోటిదాకా వచ్చిన అబద్ధం ఆయన కళ్లు చూశాక బయటికి రాలేదు. "ఇప్పటికీ నచ్చలే మామా."

"నిజం చెప్పినవ్, మంచిదే," అన్నాడు. గోడవైపు తిరిగి, "ఒక్కలకు గూడ నచ్చకపాయె," అన్నాడు.

మామ పోయిన మూడో రోజు మూసీ ఒడ్డున పిట్టకు పెట్టాం. పోయినవాళ్లకు ఇష్టమైనవి విస్తరిలో పెట్టి, కాకి వచ్చి ముట్టేదాకా ఆగడం మాలో ఆనవాయితీ. అత్తమ్మ అన్నం, మటన్, గారెలు పెట్టింది. నేను ఇంటి నుంచి చేసి తెచ్చిన రొట్టెను వాటి పక్కన పెట్టాను. చాలాసేపటికి ఒక కాకి దిగింది. రొట్టెను ముక్కుతో పొడిచి విస్తరి బయటికి నెట్టి, మటన్ ముక్క ఎత్తుకుని ఎగిరిపోయింది.

"ముట్టింది, ముట్టింది," అంటూ అందరూ దండం పెట్టుకుని లేచారు.

"పా బిడ్డా, ఎండైతుంది," అంది అత్తమ్మ.

రొట్టె బోర్లా పడి ఉంది. దాని కింద నుంచి టమాట రసం సన్నగా కారి మట్టిలో ఇంకిపోతోంది.