హెడ్‌మిస్ట్రెస్ గారి ఆకుపచ్చ మట్టి

దిల్‌సుఖ్‌నగర్‌లో కళ్ళజోళ్ళ దుకాణం పైన మా ఆఫీసు. స్థలం కలుషితమైంది, శుభ్రం చేయించండి అని ప్రభుత్వం నుంచి నోటీసు అందుకున్న యజమానులు మా మెట్లెక్కుతారు. మట్టి పరీక్షలు చేయించడం, నోటీసుకు జవాబు రాయడం, తవ్విన మట్టిని చేర్చాల్సిన చోటికి పంపడం మా పని. ఆఫీసులో ఉండేది మా సారు, నేను, ఇద్దరమే. వచ్చినవాళ్ళు కుర్చీలో కూర్చోకముందే తప్పు తమది కాదని చెప్తారు. చాలాసార్లు అది నిజమే.

ఆ రోజు వచ్చినావిడ మాత్రం ఆ మాట అనలేదు. నిటారుగా కూర్చుని, సంచిలోంచి నోటీసు తీసి నా ముందు పెట్టారు. దాని నిండా ఎర్ర సిరా. ఒత్తులు దిద్ది, ఒక వాక్యం పక్కన ‘కర్త ఏది?’ అని రాసి ఉంది. ఆవిడ తెనాలి వైపు మనిషి, నగరంలోనే హెడ్‌మిస్ట్రెస్‌గా చేసి రిటైరయ్యారు.

“ముందు దీన్ని తప్పుల్లేకుండా రాసి పంపమని చెప్పమ్మాయ్. తర్వాత జవాబు సంగతి చూద్దాం” అన్నారు.

నోటీసును తిప్పి పంపే పద్ధతి లేదనీ, గడువు అప్పుడే మొదలైందనీ ఆవిడను ఒప్పించేసరికి రెండు టీలు అయ్యాయి.

విషయం ఇది. హయత్‌నగర్ దాటాక ఒక కాలనీలో ఆవిడ ఇల్లు. ఇంటి వెనక రేకుల షెడ్డును ఏళ్ళ తరబడి ఒకతనికి కిరాయికిచ్చారు. కుళాయిలకు నికెల్‌తో మెరుపు పూత వేసే పని అతనిది. వాడిన మందునీళ్ళన్నీ షెడ్డు వెనక నేలమీదే పారబోసి, ఒకరోజు ఖాళీ చేసి వెళ్ళిపోయాడు. అతను దొరకలేదు. స్థలం ఆవిడది కాబట్టి నోటీసు ఆవిడకు వచ్చింది.

మర్నాడు వెళ్ళి చూశాను. షెడ్డు వెనక మట్టి లేత ఆకుపచ్చ రంగులో ఉంది. నికెల్ వాడే చోట అలాగే ఉంటుంది. ఆవిడ చేతులు కట్టుకుని నా పక్కన నిలబడి, అంత పచ్చగా ఉంటే సారవంతమైన నేల అనుకున్నానని చెప్పారు. తర్వాత ఇద్దరం వరండాలో కూర్చుని జవాబు ఫారం నింపడం మొదలుపెట్టాం. ఆరు గడులు గబగబా అయిపోయాయి. ఏడో గడిలో, ఈ స్థలం నుంచి మట్టి ఏమైనా బయటికి వెళ్ళిందా అని ఉంది. ఆవిడ కలం మూత పెట్టేశారు.

“కొంచెం పంచిపెట్టానమ్మాయ్.”

రిటైరైన రోజు కాలనీవాళ్ళను భోజనానికి పిలిచి, రిటర్న్ గిఫ్టుగా తలా ఒక కుండీ ఇచ్చారట. కుండీలో మొక్క, మొక్క కింద ఈ మట్టి. ఎవరెవరికి ఇచ్చారో రాసిపెట్టుకున్న హాజరు పుస్తకం తెచ్చి చూపించారు. ఇరవై రెండు ఇళ్ళు. అది వదిలేసి రాద్దామని నేను అనలేదు. అన్నా ఆవిడ వినే మనిషి కాదు. పిల్లలకు అబద్ధం ఆడొద్దని చెప్పినదాన్ని, గవర్నమెంటుతో ఎలా ఆడతానన్నారు.

కుండీలు వెనక్కి తెప్పించి, ఎర్రమట్టి నింపి ఇద్దామనుకున్నాం. ఆవిడ కాలనీ వాట్సాప్ గ్రూపులో సందేశం పెట్టారు, ఆదివారం కుండీ తెస్తే పాత మట్టి తీసుకుని కొత్త మట్టి ఉచితంగా ఇస్తామని. తనిచ్చిన కుండీ మాత్రమే అని రాయడం మరిచారు.

ఆదివారం నేను వెళ్ళేసరికి గేటు బయట జాతరలా ఉంది. కుండీలు, పెయింటు బకెట్లు, పగిలిన బిందెలు, చంటిపిల్లల ప్లాస్టిక్ టబ్బు. ఒకాయన పాత హెల్మెట్‌లో పుదీనా పెంచి తెచ్చాడు. హెడ్‌మిస్ట్రెస్ గారు విజిల్ ఊదలేదు కానీ, అందరినీ ఇంటి నంబర్ల వరసలో నిలబెట్టడానికి రెండే నిమిషాలు తీసుకున్నారు.

నా దగ్గర తుపాకీలా ఉండే మీటరు ఉంది. మట్టికి ఆనిస్తే నికెల్ ఎంతుందో చూపిస్తుంది. నేను అంకె చదివితే ఆవిడ పుస్తకంలో పాస్ అనో ఫెయిల్ అనో రాశారు. ఫెయిలైతే కొత్త మట్టి. దాంతో ఫెయిలైనవాళ్ళు నవ్వుకుంటూ వెళ్ళారు, పాసైనవాళ్ళు గొడవకు దిగారు.

“మాది పాసెట్లయింది మేడం? జర ఇంకోపారి చూడుండ్రి” అన్నాడు హెల్మెట్ ఆయన. రెండుసార్లు చూశాను. పుదీనా రెండుసార్లూ పాసైంది. ఫెయిల్ చేయమని బతిమాలేవాళ్ళను తన సర్వీసులో చూడలేదని హెడ్‌మిస్ట్రెస్ గారు మెల్లగా అన్నారు.

మధ్యాహ్నానికి వరస అయిపోయింది. పుస్తకంలోని ఇరవై రెండు ఇళ్ళూ వచ్చాయి. కానీ ఫెయిలైనవి ఐదే. మీటరు చెడిపోయిందేమోనని పరుగున వెళ్ళి షెడ్డు వెనక మట్టికి ఆనించాను. అంకె ఆకాశాన్నంటింది. మీటరు బాగానే ఉంది. మరి పదిహేడు కుండీల్లోని మట్టి ఏమైనట్టు?

ఎదురింటామె కొంగు వేలికి చుట్టుకుంటూ ముందుకొచ్చింది. నల్గొండ దగ్గరి పల్లె నుంచి వచ్చి ఇక్కడే స్థిరపడిన మనిషి, మామూలుగా ఆదివారం ఈ వేళకు చర్చిలో ఉంటుందట.

“మేడం, ఏమనుకోకుండ్రి. మీరిచ్చిన చెట్టు వారం దినాలకే సచ్చింది. ఒక్క కొత్త ఆకు గూడ రాలే. మా ఒక్కలదే కాదు, ఐదిండ్లు తప్ప అందరిదీ గంతే.”

సాయంత్రం వాకింగ్‌కు వచ్చినప్పుడు హెడ్‌మిస్ట్రెస్ గారు ప్రతి గేటు ముందూ ఆగి తన మొక్కను చూసేవారట. చచ్చిన మొక్కను చూపించే ధైర్యం ఎవరికీ లేదు. అందుకని ఎల్బీ నగర్ నర్సరీకి పోయి, అలాంటి మొక్కే తెచ్చి, కొత్త మట్టిలో నాటి పెట్టారు.

“ఆ పాత మట్టి ఎక్కడ పోశారు?” అని అడిగాను.

ఆమె హెడ్‌మిస్ట్రెస్ గారి ఇంటి వెనక ప్రహరీ గోడ వైపు చూసింది. “మేడం ఊర్ల లేనప్పుడు గోడ మీదికెల్లి ఆమె జాగలనే పోసినం. ఆమె మట్టి ఆమెకు.”

హెడ్‌మిస్ట్రెస్ గారు లెక్కల మాస్టారు తప్పు చేసినప్పుడు చూసినట్టు అందరినీ ఒకసారి చూసి లోపలికి వెళ్ళిపోయారు. నాకు ఒకపక్క ఆవిడను చూస్తే జాలి, ఇంకోపక్క కాలనీ మొత్తాన్నీ కౌగిలించుకోవాలన్నంత సంతోషం. ఊరంతా తిరగాల్సిన మట్టి దానంతటదే ఇంటికి చేరింది. గోడ పక్కన తవ్వి చూస్తే పచ్చటి చారలు వరసగా బయటపడ్డాయి.

ఫారంలో ఉన్నదున్నట్టే రాశాం. నాలుగు రోజులకు నోటీసిచ్చిన ఆఫీసర్ ఫోన్ చేశాడు.

“ఏడో గడిల ఏంది రాసిన్రు? ‘బయటికి పోయి తిరిగి వచ్చినది’ అంటే? మట్టి సుట్టాలింటికి పోయొచ్చిందా?”

దాదాపు అంతేనని మొత్తం చెప్పాను. చాలాసేపు దగ్గుతున్న చప్పుడు వినిపించింది, తర్వాత రేపొచ్చి చూస్తానన్నాడు. వచ్చాడు, చూశాడు, గోడ పక్క మట్టినీ కలిపి తీయించమని సంతకం చేశాడు. ఆ వారమే లారీలు వచ్చి అంతా తీసుకెళ్ళాయి.

పది రోజులు హెడ్‌మిస్ట్రెస్ గారు వాకింగ్ మానేశారు. ఎదురింటామె నాకు ఫోన్ చేసి, మేడం కోపం ఎట్ల పోతదని అడిగింది. నేను ఆవిడకు ఫోన్ చేస్తే, కోపం కాదమ్మాయ్, సిగ్గు అన్నారు. ఇన్నాళ్ళూ తను మెచ్చుకున్నది నర్సరీవాడి మొక్కలనట. ఆ మాట అంటూనే ఫోన్లో పకపకా నవ్వేశారు.

చివరి నమూనాలు తీయడానికి వెళ్ళినప్పుడు ఆవిడ, ఎదురింటామె గేటు దగ్గర మెట్ల మీద కూర్చుని వాదించుకుంటున్నారు. మొక్క చచ్చింది మట్టివల్ల కాదు, నువ్వు నీళ్ళు సరిగ్గా పోయకే అంటారు హెడ్‌మిస్ట్రెస్ గారు. రెండు పూటలా పోసినా అంటుంది ఆమె. నన్ను తీర్పు చెప్పమన్నారు. చచ్చిన మొక్కను ల్యాబుకు పంపలేదు కాబట్టి చెప్పలేనన్నాను. ఫలితాలు శుభ్రంగా వచ్చాయి, ఫైలు మూసేశారు. ఆ వాదన మాత్రం ఇంకా తేలలేదని విన్నాను.