పది రోజులు బోర్లా

దెయ్యాల మాట ఎత్తితే నాకు ఒళ్ళు మంట. నర్సు ఉద్యోగంలో ఎన్ని శవాల ముక్కుల్లో దూది పెట్టానో లెక్క లేదు. ఒక్కటీ లేచి నన్ను పలకరించలేదు. వార్డులో ఏదో కనపడిందని వణికే కొత్త నర్సుల్ని ఏడిపించేదాన్ని కూడా.

తొంభైల చివర సంగతి ఇది. రాయపూర్‌లో మేం గుఢియారీలో ఉండేవాళ్ళం. భీమవరం వైపు నుంచి వచ్చిన క్రైస్తవులం. నాన్న రైల్వేలో ఫిట్టరు. అమ్మకు షుగరు వల్ల కుడి కన్ను అప్పటికి చాలా ఏళ్ళ కిందటే పోయింది. చేసేదేం లేదన్నారప్పుడు. ఆ కంటికి వెలుతురు కూడా తెలియదు.

ఎడమ కంట్లో రక్తం నిండేనాటికి వైద్యం మారింది. రక్తం వెనక ఏముందో స్కాన్‌లో చూసి, రెటీనా ఊడిందని చెప్పారు. మద్రాసు నుంచి నేను పనిచేసే ఆస్పత్రికి నెలకోసారి వచ్చే డాక్టరు రక్తం తీసేసి, లేజర్ చేసి, కంట్లోకి గ్యాస్ ఎక్కించారు. ఆ గ్యాస్ బుడగ పైకి తేలి రెటీనాను అదిమిపెట్టాలంటే అమ్మ పది రోజులు బోర్లా పడుకోవాలి. లేచినా తల వంచే ఉండాలి. తల ఎత్తితే ఉన్న ఒక్క కన్నూ దక్కదు. చుక్కలు వేసేటప్పుడు తప్ప కట్టు విప్పేవాళ్ళం కాదు.

నాన్న రోజూ మధ్యాహ్నం అన్నం డబ్బా తెచ్చి, మంచం పక్కన కాసేపు కూర్చుని వెళ్ళేవాడు. మూడో రోజు రాలేదు. ఇంట్లో డబ్బా సర్దుతూనే గుండె ఆగి పోయాడు.

అమ్మకు చెప్పకూడదని నేనూ తమ్ముడూ అనుకున్నాం. చెబితే లేచి గుండెలు బాదుకుంటుంది, కన్ను పోతుంది. నాకు ఏడుపు రాలేదు. నాన్నకు కోటు వేసి, కొత్త తెల్ల మేజోళ్ళు తొడిగాను. మర్నాడు ఉదయం సమాధి చేసి, బట్టలు మార్చుకుని వార్డుకు వెళ్ళాను. నాన్నను డ్యూటీ మీద బిలాస్‌పూర్ పంపారని చెప్పాను. సరేనంది.

ఆ మధ్యాహ్నం నేను మందులు తెచ్చేసరికి, అమ్మ దిండులోకే అంది. "బిలాస్‌పూర్ అన్నావు. ఇప్పుడేగా వచ్చి కూర్చుని ఎల్లాడు."

"ఎవరమ్మా?"

"మీ నాన్నే. ఇంత గర్మీలో మేజోళ్ళు ఏసుకున్నాడు, బూట్లేమో లేవు. ఎడం కాలిదానికి కాయితం కూడా పీకలేదు. చెప్పు ఆయనకి, జనం నవ్వుతారు."

ఎడమ మడమ దగ్గర కంపెనీ కాగితం అంటుకునే ఉండిపోయింది. శవపెట్టె మూత వేసేముందు చూశాను. అందరి ముందూ వంగి పీకడానికి సిగ్గేసి వదిలేశాను. తమ్ముడికి కూడా చెప్పలేదు.

తలుపు దగ్గర కూర్చున్న ఆయాను అడిగాను. "కోనో నై ఆయ్ హే, సిస్టర్" అంది. ఎవరూ రాలేదట. అమ్మ కట్టు చూశాను. పొద్దున నేను వేసిన ప్లాస్టరు వేసినట్టే ఉంది.

తర్వాత అమ్మ ఆ మాట ఎత్తలేదు. ఒక్కసారి కూడా తల ఎత్తలేదు.

పదో రోజు కట్టు విప్పారు. మా ఆస్పత్రి కంటి డాక్టరు చూపిన వేళ్ళు అమ్మ లెక్కపెట్టింది. రెటీనా అతుక్కుందన్నారు. అప్పుడు చెప్పాను, నాన్న లేడని.

"తెల్సు" అంది. "తల ఎత్తకు, ఏడవకు, కన్ను పోద్దన్నాడు. అందుకే పడుకునున్నా."

కట్టు కింద మూసి ఉన్న కంటికి ఆ కాగితం ఎలా కనపడిందో, ఆ మాటలు ఎవరు చెప్పారో నాకిప్పటికీ తెలియదు. అమ్మను అడగనూ లేదు.

అమ్మ మాత్రం నా చెయ్యి పట్టుకుని ఒకటి అడిగింది.

"డాక్టరుగారిని కనుక్కో, ఇంక ఏడవచ్చా?"