అబిడ్స్ శాండ్‌విచ్ షాపులో వినిపించిన పిలుపు

దయ్యాల మాట ఎవరైనా ఎత్తితే నవ్వి లేచిపోయే ఇంట్లో పెరిగాను నేను. మా నాన్న మెదక్ దగ్గర మిషన్ బడిలో లెక్కల టీచరు, చర్చిలో సంఘ పెద్ద. చనిపోయినవాళ్ళు ప్రభువులో నిద్రపోతారు, వాళ్ళను లేపేది ఆయనొక్కడే, మధ్యలో లేచి తిరగడానికి వాళ్ళకేం పని అనేవాడు. నేనూ అదే నమ్మాను. దయ్యాలున్నాయని ఎవరినీ నమ్మించడానికి ఇది రాయడం లేదు. ఒక్కదాన్నే మోయలేక రాస్తున్నాను.

నా పేరు సుజాత. నాంపల్లి స్టేషన్ రోడ్డులో ఒక ట్రావెల్స్ ఆఫీసులో పని. హిమాయత్‌నగర్‌లో కిరాయికి ఉంటాం. పొద్దున పిల్లలకు, ఆయనకు బాక్సులు కట్టేసరికి నాకోసం ఇంకోటి కట్టుకునే ఓపిక మిగలదు. అందుకే మధ్యాహ్నం అబిడ్స్ వైపు నడిచి, ఒక గల్లీలోని శాండ్‌విచ్ షాపులో తినేదాన్ని.

షాపంటే పాత మేడ కింద పొడుగాటి గది. వాకిలి పక్కనే గ్యాస్ పొయ్యి, దాని మీద చేత్తో నొక్కిపట్టే టోస్టర్లు. యజమాని నర్సింగన్న ఉడికిన ఆలుగడ్డ, కీరా, టమాటా ముక్కలు పరిచి, పుదీనా చట్నీ మందంగా రాసి, బ్రెడ్డు అంచులు కరకరలాడేదాకా కాల్చి ఇచ్చేవాడు. లోపల గోడవారగా చిన్న చిన్న టేబుళ్ళు. అక్కడ ఇది నా టేబుల్ అని ఎవరూ అనుకోరు. ఖాళీ కుర్చీ కనిపిస్తే కూర్చోవడమే.

కవిత అలాగే నా ఎదుటి కుర్చీలో కూర్చుని పరిచయమైంది. నాకంటే బాగా చిన్నది. చాదర్‌ఘాట్‌లో తల్లితో ఉంటుంది. అబిడ్స్‌లోనే ఒక కళ్ళద్దాల షాపులో పని. అద్దం అంచులు అరగదీసి ఫ్రేములో కూర్చోబెట్టడం, ఆవగింజంత మరలు బిగించడం ఆమె చేసేది. ఒకసారి నా కళ్ళజోడు వదులై ముక్కు మీద నిలవకపోతే, తింటున్నది పక్కన పెట్టి, బ్యాగులోంచి చిన్న స్క్రూడ్రైవర్ తీసి అక్కడికక్కడే సరిచేసింది. ఆమె వేళ్ళు చాలా నెమ్మదిగా, తొణక్కుండా కదిలేవి.

మా స్నేహం ఆ టేబుల్ దగ్గరే మొదలై అక్కడే ముగిసేది. చట్నీలో కారం ఎక్కువైందనో, బస్సు రాలేదనో, వాళ్ళమ్మ మోకాళ్ళ నొప్పులో, మావాడి ట్యూషనో, ఇవే మాటలు. ఒకరింటికి ఒకరం వెళ్ళింది లేదు. ఇంట్లో ఎవరు ఏమని పిలుస్తారో చెప్పుకునేంత చనువూ లేదు.

అది వానాకాలం. ముసురు పట్టి వదలడం లేదు. ఆ మధ్యాహ్నం నేను వెళ్ళేసరికి షాపు నిండుగా ఉంది. లోపలి టేబుల్ దగ్గర, గోడకున్న ఫ్యాను కింద కుర్చీ దొరికింది. కాసేపటికి కవిత వచ్చి ఎదురుగా కూర్చుంది. చున్నీ అంతా తడిసిపోయి ఉంది. నాది అయిపోవచ్చింది, ఆమెది అప్పుడే వచ్చింది.

అప్పుడు వాకిలి వైపు నుంచి పిలుపు వినిపించింది.

"బుడ్డమ్మా, జర బైటికి రా."

మా నాన్న గొంతు. గట్టిగా పిలవలేదు. బడి నుంచి వచ్చి సైకిల్ స్టాండ్ వేసి, చేతిలో సంచీ ఉంటే అందుకోమని ఎలా పిలిచేవాడో, అచ్చం అలా. బుడ్డమ్మ అని నన్ను పిలిచింది ఆయనొక్కడే. నా భర్తకు కూడా ఆ పేరు తెలియదు. నాన్న పోయి చాలా ఏళ్ళయింది.

భయం వేయలేదు. అది ఇప్పటికీ నాకు వింతగానే ఉంటుంది. నాన్న పిలిస్తే ఎలా లేస్తామో అలా లేచాను. బ్యాగు తీసుకుని, కవితతో నేను అన్న మాట నాకు అక్షరాలా గుర్తుంది.

"నేను పోతున్న కవితా. నువ్వు ఈ కుర్చీల కూసో, ఫ్యాను గాలికి చున్నీ ఆరుతది."

ఆమె ప్లేటు తీసుకుని నా కుర్చీలోకి మారింది. మారడం నా కళ్ళతో చూసి మరీ బయటికి వచ్చాను.

బయట ఎవరూ లేరు. ఎదుటి షాపు రేకు కింద ఇద్దరు వాన తగ్గడం కోసం నిలబడి ఉన్నారు, వాళ్ళు ఫోనులో ఏదో చూసుకుంటున్నారు. గల్లీ రెండు వైపులా చూశాను. అప్పుడు తెలివి వచ్చినట్టయి సిగ్గేసింది. సరే, ఆఫీసుకు పోదామని గొడుగు తెరుస్తున్నాను. లోపల బియ్యం బస్తా కింద పడేసినట్టు చప్పుడైంది. ఆ వెంటనే వాకిట్లోంచి తెల్లటి దుమ్ము బయటికొచ్చింది.

పైకప్పు పెచ్చు ఊడి పడింది. నానిపోయిన సిమెంటు, తుప్పు పట్టిన ఇనప చువ్వతో సహా, నేను లేచి వచ్చిన కుర్చీ మీదే పడింది. పక్క టేబుళ్ళవాళ్ళకు గీతలు పడ్డాయంతే. కవిత మాత్రం కింద ఉంది. తల కాపాడుకోవడానికి కుడిచెయ్యి పైకెత్తిందట. దెబ్బంతా ఆ చేతికే తగిలింది.

నర్సింగన్న, నేను, ఇంకెవరో కలిసి ఆమెను ఆటోలో దవాఖానకు తీసుకెళ్ళాం. ప్రాణానికి భయం లేదన్నారు. మణికట్టు విరిగింది, వేళ్ళ దగ్గర నరాలు దెబ్బతిన్నాయి. ఆపరేషన్ చేశారు. వాళ్ళమ్మ వచ్చేదాకా నేను అక్కడే కూర్చున్నాను. ఏం జరిగిందని ఆమె అడిగితే కప్పు పడిందని చెప్పాను. పిలుపు సంగతి చెప్పలేదు.

ఇంట్లో మాత్రం చెప్పాను. మా ఆయన నా తల మీద చెయ్యి వేసి ప్రార్థన చేశాడు. ఆ ఆదివారం చర్చిలో సాక్ష్యం చెప్పమన్నారు. చెప్పాను. నాన్న గొంతుతో దేవుడే నన్ను పిలిచాడని, మరణం నోట్లోంచి బయటికి లాగాడని చెప్పాను. సంఘమంతా స్తోత్రం అన్నారు. నాన్నను ఎరిగిన ముసలివాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు. నేనూ ఏడ్చాను. ఆ ఏడుపులో ఎంతో కొంత సంతోషం ఉంది, అది దాచను. ఇంతమందిలో నన్ను పేరు పెట్టి పిలిచారన్న సంతోషం.

కవితను దవాఖాన నుంచి పంపించాక, పండ్లు తీసుకుని చాదర్‌ఘాట్‌లో వాళ్ళింటికి వెళ్ళాను. ఆమె మంచం మీద గోడకానుకుని కూర్చుని ఉంది. చెయ్యి కట్టుతో మెడకు వేలాడుతోంది. వాళ్ళమ్మ టీ పెట్టింది. మాటల్లో ఆ రోజు సంగతి వచ్చింది. కవిత కాస్త తటపటాయించి, ఎవరికీ చెప్పొద్దు, నవ్వుతారు అంటూ మొదలుపెట్టింది.

"నువ్వు లేచే ముందల నన్నెవరో పిలిచిన్రు అక్కా. మా నానమ్మ లెక్కనే. బుడ్డమ్మా, జర బైటికి రా అని. నేను సగం లేసిన గూడ. గంతల నువ్వు లేస్తివి. నిన్ను పిలిచిన్రేమో, నేనే తప్పు ఇన్ననేమో అనుకున్న. నువ్వేమో గీ కుర్చీల కూసో అంటివి."

వాళ్ళమ్మ టీ గ్లాసులు తెచ్చి పెడుతూ, తన అత్తమ్మ ఈ పిల్లను అట్లనే పిలుస్తుండేదని, ఆమె పోయి చాలా కాలమైందని చెప్పింది.

టీ తాగాను. కాసేపు కూర్చున్నాను. నాకూ అదే పేరని, నేనూ అవే మాటలు విన్నానని చెప్పడానికి నోరు రాలేదు. బస్సులో వస్తుంటే ఒకటే ఆలోచన. ఆ పిలుపు ఆమెకు వచ్చిందేమో, నేను నాదనుకుని ఎత్తుకుపోయానేమో. నేను లేవకుండా ఉంటే ఆమె లేచేది. లేచినదాన్ని లేచినట్టు పోకుండా, ఆమెను తీసుకుపోయి ఆ కుర్చీలోనే కూర్చోబెట్టాను.

తర్వాత కొన్నాళ్ళు మనసుకు సర్ది చెప్పుకున్నాను. దెబ్బ తగిలిన మనిషి, మందుల మత్తులో ఏదో కలిపి చెబుతోందనుకున్నాను. నేనే దవాఖానలో నాకు తెలియకుండా పైకి ఏదైనా అని ఉంటాను, అది ఆమె చెవిన పడి ఉంటుందనుకున్నాను. కానీ వాళ్ళ నానమ్మ పిలిచే పేరు నేనెలా కల్పిస్తాను?

నర్సింగన్నను అడిగాను. ఆ మేడకు తాళం వేయించారు, ఆయన అదే గల్లీ చివర చిన్న బండి పెట్టుకున్నాడు. ఆ రోజు వాకిలి దగ్గర నిలబడి ఎవరైనా పిలిచారా అంటే లేదన్నాడు. పొయ్యి వాకిలి పక్కనే, వచ్చేవాళ్ళూ పోయేవాళ్ళూ తనను దాటే పోవాలి, ఎవరి గొంతూ తను వినలేదన్నాడు. అని, జర ఆగమని, ఫోను తీశాడు. షాపులో కెమెరా ఉండేది. పోలీసులకు చూపించడానికి ఆ ముక్క దాచాడట. చూస్తావా అని అడిగాడు.

చూడకపోతే బాగుండేదని చాలాసార్లు అనుకున్నాను.

దానికి మాట లేదు, బొమ్మే. కవిత తింటోంది. నేను చెయ్యి తుడుచుకుంటున్నాను. మా ఇద్దరి తలలూ ఒక్కసారే వాకిలి వైపు తిరిగాయి. మా పక్క టేబుల్లో కూర్చున్నవాళ్ళు, వెనకవాళ్ళు, ఎవ్వరూ కదల్లేదు. పొయ్యి దగ్గర నర్సింగన్న కదల్లేదు. కవిత ప్లేటు పక్కకు జరిపి నిజంగానే సగం లేచింది. అప్పుడు నేను లేచాను. ఆమె నా ముఖం చూసి మళ్ళీ కూర్చుంది. తర్వాత నేను ఆ కుర్చీ వైపు చెయ్యి చూపించడం కనిపించింది. అక్కడ ఆపేయమన్నాను.

అదంతా చూస్తున్నప్పుడు నర్సింగన్నకు ఏమీ తేడా కనిపించలేదు. ఇద్దరు ఆడవాళ్ళు తలలు తిప్పారు, అంతే.

ఆ సాయంత్రమే కవిత దగ్గరికి వెళ్ళి అంతా చెప్పాను. నా పేరు, నాన్న గొంతు, చర్చిలో నేను చెప్పిన సాక్ష్యం, బొమ్మలో చూసింది. ఆమె తిడుతుందనుకున్నాను. తిడితే బాగుండునని కూడా అనుకున్నాను. ఆమె మాత్రం, నువ్వు గూడ బుడ్డమ్మవేనా అని చిన్నగా నవ్వింది. నాకు నవ్వు రాలేదు.

మా చర్చి పాస్టరు అయ్యగారికి కూడా చెప్పాను. దేవుడు ఇద్దర్నీ పిలిస్తే ఒకరినే ఎందుకు లేపాడని అడిగాను. ఆయన మంచి మనిషి. తెలియనిదాన్ని తెలియదనే చెప్పాడు. ముందు చెప్పిన సాక్ష్యం సగమే కాబట్టి మిగతా సగం కూడా చెప్పనివ్వమని అడిగితే ఒప్పుకున్నాడు. చెప్పాను. ఈసారి స్తోత్రం అనే గొంతు ఒక్కటీ వినబడలేదు. బయట చెప్పులు వేసుకుంటుంటే నాన్న స్నేహితుడొకాయన దగ్గరికి వచ్చి, ఆ అమ్మాయి కోసం రోజూ ప్రార్థన చేస్తానని పేరు అడిగి తెలుసుకుని వెళ్ళాడు.

కవిత చెయ్యి అతికింది గానీ చూపుడువేలు, మధ్యవేలు పూర్తిగా ముడవవు. మరలు తిప్పే పని ఇక ఆమె వల్ల కాదు. షాపువాళ్ళు తీసేయకుండా ముందు కౌంటర్ దగ్గర, వచ్చినవాళ్ళకు ఫ్రేములు చూపించే పనిలో పెట్టారు. అదీ కూర్చుని చేసే పనే, మంచిదే అంటుంది. లోపలి గదిలో తన బల్ల ముందు ఇప్పుడు వేరేవాళ్ళు కూర్చుంటున్నారని ఒకే ఒక్కసారి అంది.

మేమిద్దరం ఇప్పటికీ నర్సింగన్న బండి దగ్గర కలిసి తింటాం. కప్పు లేదు, ఎండకు వానకు ఒక టార్పాలిన్ అంతే. ఒక మధ్యాహ్నం తింటూ తింటూ ఆమె అడిగింది.

"ముందుగాల నేను లేసి పోతే, నువ్వు ఆడనే కూసుంటుంటివా అక్కా?"

అబద్ధం చెప్పబుద్ధి కాలేదు. "ఔ. కూసుంటుంటి."

"గంతే మరి," అంది కవిత.

అని తన శాండ్‌విచ్ ఎడమచేత్తో అందుకుని తినసాగింది. ఆ మాటతో నా బరువు దిగాలని ఆమె ఉద్దేశం. నాకు తెలుసు. దిగలేదు. లేచి పోయింది ఆమె కాదు కదా, నేను.

ఆ పిలిచింది మా నాన్నో, వాళ్ళ నానమ్మో, ఇద్దరూ కాదో నాకు తెలియదు. ఒకే మాట ఇద్దరికి రెండు గొంతుల్లో ఎలా వినిపిస్తుందో ఎవరూ చెప్పలేకపోయారు. బయటికి రమ్మన్నవాళ్ళు పైకప్పు పడుతుందని ఎందుకు చెప్పలేదో, ఇద్దరూ రండని ఎందుకు అనలేదో అంతకన్నా తెలియదు. కవితను ఆ కుర్చీలో కూర్చోమని చెప్పింది మాత్రం ఏ గొంతూ కాదు. అది నేను చెప్పిన మాట.