నేను తిరిగివ్వని ఎల్.సీ.

ఆ రోజుల్లో కంప్యూటర్ మనం ఏదైనా అడిగితేనే మాట్లాడేది. ఇప్పుడలా కాదు. పొద్దున్నే ల్యాప్‌టాప్ మూత తెరిచానో లేదో, నీ సిస్టమ్ పాతబడింది, కొత్తది వేసుకో, లేకపోతే నీ ఖర్మ అన్న ధోరణిలో ఒక నోటీసు వచ్చి కూర్చుంటుంది. నేను 'తర్వాత' అని నొక్కుతాను. మర్నాడు మళ్లీ వస్తుంది, మళ్లీ నొక్కుతాను. ఈమధ్య ఆ 'తర్వాత' అనే మాటను ఓ మూలకి తోసేసి చిన్న అక్షరాల్లో పెడుతున్నారు. అయినా వెతికి మరీ నొక్కుతున్నాను. "కంప్యూటర్ల షాపులో పనిచేసినదానివి, నీకేంటమ్మా ఈ మొండితనం?" అంటుంది మా అమ్మాయి. మొండితనం నాకు ఉద్యోగంలో అబ్బింది కాదు, పుట్టింటి నుంచి తెచ్చుకున్నది. పైగా ఒకప్పుడు ఇదే నోటీసును నోటితో చదువుతూ బెజవాడలో జనాన్ని బెదరగొట్టినదాన్ని నేనే.

అప్పటికి నా డిగ్రీ అయిపోయి, గవర్నర్‌పేటలో ఒక కంప్యూటర్ సర్వీసు షాపులో కొత్తగా ఉద్యోగం దొరికింది. కొండపల్లి నుంచి రోజూ రైల్లో వెళ్లొచ్చేదాన్ని. కంప్యూటర్లను నడిపే పాత ఓఎస్‌ని తయారుచేసిన కంపెనీవాళ్లు ఇక పట్టించుకోరు, దానికి మందూ మాకూ పంపరు అని వార్త వచ్చిన రోజున మా ఓనరుగారి మొహం చూడాలి, ఇంట్లో పెళ్లి కుదిరినట్టు వెలిగిపోయింది. "ఎవరొచ్చినా భయపెట్టమ్మాయ్. కానీ మర్యాదగా భయపెట్టాలి" అని నన్ను కౌంటర్లో కూర్చోబెట్టారు. నేను మర్యాదగానే భయపెట్టేదాన్ని. "వైరస్‌లొస్తాయండీ, మీ పాప ఫొటోలన్నీ పోతాయండీ, బ్యాంకు సైట్లు తెరుచుకోవండీ" అని వరసగా అప్పజెప్పేదాన్ని. (ఎదుటివాళ్ల మొహంలో రంగు మారితే నాకు లోపల ఎంత తృప్తిగా ఉండేదో ఇప్పుడు తలుచుకుంటే నవ్వొస్తుంది.) ఒకరోజు మిర్చి వ్యాపారి ఒకాయన అంతా ఓపిగ్గా విని, "అయితే మీ ఇంట్లో కొత్తది వేసేసుకున్నారన్నమాట" అన్నాడు. నేను బిల్లు పుస్తకంలోకి తల దూర్చాను. ఆయన నవ్వుతూ లేచి వెళ్లిపోయాడు. ఓనరుగారు మాత్రం నవ్వలేదు. సొరుగులోంచి కొత్త ఓఎస్ డిస్కు తీసి నా చేతిలో పెట్టి, "ఇంట్లోవాళ్లనే ఒప్పించలేనిదానివి, కస్టమర్ని ఏం ఒప్పిస్తావు? ఈ ఆదివారం వేసెయ్. సోమవారం నుంచి ధైర్యంగా చెప్పు" అన్నారు. ఆ మాట నాకు చురుక్కున తగిలింది.

ఆయనకేం తెలుసు, మా ఇంట్లో ఉన్నది మా నాన్న. థర్మల్ స్టేషన్లో చేసి రిటైరైన మనిషి. ప్లాంటులో నడుస్తున్న దేనిమీదైనా చెయ్యి వేయాలంటే ముందు ఎల్.సీ. తీసుకోవాలిట. లైన్ క్లియర్ అన్నమాట. "కరెంటు తీసేశాం, ఇక ముట్టుకో" అని ఇన్‌ఛార్జి ఒప్పుకుంటేనే పని మొదలుపెట్టాలి, పని అయ్యాక ఆ ఎల్.సీ.ని మళ్లీ ఆయనకే తిరిగి ఇచ్చేయాలి. ఇవ్వనంతవరకూ ఆ లైను జోలికి ఎవ్వరూ పోకూడదు. ప్రాణాలతో పని కాబట్టి అక్కడ అది ధర్మమే. నాన్న ఆ ధర్మాన్ని రిటైరయ్యేటప్పుడు మూట కట్టుకుని ఇంటికి తెచ్చేశారు. అమ్మ ఫ్రిజ్ తుడవాలన్నా ఎల్.సీ., మిక్సీ ప్లగ్గు పీకాలన్నా ఎల్.సీ. 'మనుషులు పనిచేయుచున్నారు, స్విచ్ వేయరాదు' అని రాసి ఉన్న ఎర్ర రేకు ఒకటి మా ఇంట్లో ఉండేది. గీజరు బాగుచేయడానికి వచ్చినవాడు దాన్ని చూసి, ఇదేదో ప్రభుత్వ ఆఫీసేమోనని చెప్పులు విప్పి నిలబడ్డాడు.

ఆ రాత్రి అన్నాల దగ్గర నేను మెల్లగా కదిపాను. "నాన్నా, మన కంప్యూటర్లో కొత్త ఓఎస్ వేద్దాం."

"ఇప్పుడున్నది నడవట్లేదా?"

"నడుస్తోంది."

"నడుస్తున్న సెట్టుని ఆపడానికి కారణం చెప్పు" అన్నారు, ప్లాంటులో యంత్రం గురించి అడిగినట్టే.

నేను షాపులో అప్పజెప్పేదంతా అప్పజెప్పాను. ఆయన మజ్జిగ కలుపుకుంటూ శ్రద్ధగా విని, "కొత్తదాంట్లో నా చెస్ ఉంటుందా?" అన్నారు. అదీ అసలు సంగతి. కంప్యూటర్ కొన్నప్పుడు ఊరికే వచ్చిన సీడీలో ఒక చదరంగం ఆట ఉండేది. ఉచితంగా ఇచ్చిన ముక్క కాబట్టి ఆటను మధ్యలో దాచుకోవడం కుదరదు, దాచబోతే డబ్బు కట్టమంటుంది. నాన్న రోజూ మధ్యాహ్నం భోజనం కాగానే దానితో ఒక ఆట ఆడి, ఓడి, పడుకునేవారు. ఒక్కసారి కూడా గెలవలేదు. ఆ ఆట కొత్త ఓఎస్‌లో ఎక్కదని నాకు తెలుసు, అబద్ధం చెప్పలేక నిజం చెప్పేశాను.

"అయితే ఎల్.సీ. ఇవ్వను" అన్నారు నాన్న. "దాన్ని ఓడించాకే మార్చేది. ఈలోగా మారిస్తే, ఓడిపోయి పారిపోయాడంటుంది."

"ఎవరంటారు నాన్నా? కంప్యూటరా?"

"అంటుందమ్మడూ. అది నోరు లేనిదని చులకన చెయ్యకు."

అమ్మ పెరుగు గిన్నె మూతపెడుతూ, "ఆ గెలుపేదో త్వరగా గెలవండి, పిల్ల ఉద్యోగం పోతుంది" అంది. ఆవిడ ఎటువైపో నాకు ఎప్పటికీ అర్థమయ్యేది కాదు.

ఆదివారం మైలవరంలో నాన్న పాత సహోద్యోగి ఇంట్లో పెళ్లి, వెళ్లేది నాన్న ఒక్కరే. ముహూర్తం మధ్యాహ్నం కాబట్టి నాన్న ఆరోజు ఆటను పొద్దున్నే మొదలుపెట్టారు. ఆట మధ్యలో ఉండగానే ఆయన్ని పెళ్లికి తీసుకెళ్లే కారు వీధిలో హారన్ కొట్టింది. ఆయన కంప్యూటర్‌ని ఆపలేదు. మానిటర్ మాత్రం కట్టేసి, దానికి ఎర్ర రేకు తగిలించి, నావైపు ఒక చూపు చూసి వెళ్లిపోయారు. కారు మలుపు తిరగ్గానే నేను డిస్కు తీశాను. ఆయన తిరిగొచ్చేసరికి కొత్త ఓఎస్ తళతళలాడుతుంటే ఏం చేస్తారు, మహా అయితే ఓ పూట అలుగుతారు అనుకున్నాను. రేకు తీసి పక్కన పెట్టి మానిటర్ వేశాను. నాకు చదరంగం అంతంతమాత్రమే తెలుసు గానీ, తెర మీద ఉన్నది చూస్తే ఆ మాత్రానికే సంగతి అర్థమైపోయింది. నాన్న దగ్గర మంత్రి ఉంది. కంప్యూటర్ దగ్గర లేదు. నాన్న గెలవబోతున్నారు!

నేను డిస్కు చేత్తో పట్టుకుని అలాగే నిలబడ్డాను. సరిగ్గా అప్పుడే కరెంటు పోయింది. (థర్మల్ స్టేషన్ చిమ్నీ మా డాబా మీదికి కనిపిస్తుంది. బూడిద మాకూ, కరెంటు ఊళ్లకూ అని అమ్మ ఎప్పుడూ సణుగుతుండేది.) యూపీఎస్ కుయ్ కుయ్‌మని మొదలుపెట్టింది. అది ముసలిది, ఎంతసేపు నిలబెడుతుందో దానికే తెలియదు. ఇప్పుడు నేను ఏ పాపమూ చెయ్యనక్కర్లేదు, ఊరికే చూస్తూ నిలబడితే చాలు, ఆట దానంతటదే పోతుంది, నా దారి క్లియర్ అవుతుంది. అలా నిలబడగలిగితే నేను ఓనరుగారికి తగిన ఉద్యోగిని అయ్యుండేదాన్ని. "అమ్మా, ముగ్గుడబ్బా తీసుకురా!" అని కేక పెట్టాను.

అమ్మ ఎందుకని అడగలేదు. హాల్లో నేల మీద చుక్కలు పెట్టి గీతలు లాగి చదరంగం గళ్లు వేసేసింది. ఆ వేగం నేను ధనుర్మాసంలో కూడా చూడలేదు. మరి పావులు? అద్దాల బీరువాలో అమ్మ పుట్టింటి నుంచి తెచ్చుకున్న కొండపల్లి బొమ్మలున్నాయి. అవి కంప్యూటర్ పక్షం. అంబారీ ఏనుగు ఏనుగు అయింది, రాజుకి రాజు దొరికాడు, తాటిచెట్టు ఎక్కే గీత కార్మికుడు గుర్రం కావలసివచ్చింది. నాన్న పక్షానికి కూరగాయల బుట్ట. కిరీటం ఉంది కదా అని వంకాయను రాజు చేశాం, నిమ్మకాయ మంత్రి, బెండకాయలు బంట్లు. నేను తెర మీద గళ్లు లెక్కపెట్టి అరవడం, అమ్మ పరుగెత్తి పెట్టడం. చివరి బెండకాయ గడిలో పడిందో లేదో యూపీఎస్ గుడ్లు తేలేసింది. (కీబోర్డు మీద ప్రింట్ స్క్రీన్ అనే బటన్ ఒకటుందనీ, దాన్ని నొక్కి తెరను బొమ్మగా దాచుకోవచ్చనీ షాపులో వచ్చినవాళ్లందరికీ నేర్పేది నేనే. అది నాకు మర్నాడు రైల్లో గుర్తొచ్చింది.)

సాయంత్రం నాన్న వచ్చేసరికి కరెంటు కూడా వచ్చేసింది. ఆయన గుమ్మంలోనే ఆగిపోయారు. నల్లగా ఉన్న తెరను చూశారు, కిందికి తీసిన రేకును చూశారు, కీబోర్డు పక్కన ఉన్న డిస్కును చూశారు, ఆ తర్వాత నేల మీదికి చూశారు. చాలాసేపు వంగి ఒక్కొక్క గడినీ పరీక్షించారు. నేను తిట్లకి సిద్ధంగా ఉన్నాను.

"సెట్టు ట్రిప్పయ్యేలోపు లోడు మార్చేశారన్నమాట" అన్నారు.

యంత్రం ఆగిపోయేలోపు పనిని ఇంకోదాని మీదికి మళ్లించడమన్నమాట, ప్లాంటు భాషలో. మా నాన్న నోట అంతకంటే పెద్ద పొగడ్త నేను వినలేదు. నా డిగ్రీ పట్టా చూసినప్పుడు కూడా "ఊ" అన్నారంతే.

ఇక ఆట సాగాలి. కంప్యూటర్ తరఫున ఎవరు ఆడతారు? "రోజూ పక్కన కూర్చుని బియ్యం ఏరుతూ చూస్తూనే ఉన్నాగా, నేనాడతా" అని అమ్మ కొంగు దోపుకుంది. రెండు ఎత్తులయ్యాయో లేదో నాన్న నిమ్మకాయతో అంబారీ ఏనుగును కొట్టారు. అమ్మ ఏనుగు మీద చెయ్యి వేసింది.

"ఇది ఇవ్వను. మా పుట్టింటి ఏనుగు."

"ఆటలో చచ్చిందే అది!"

"మా ఏనుగు ఎందుకు చస్తుంది? మీ నిమ్మకాయని వెనక్కి తీసుకోండి."

"ఇన్నేళ్లుగా ఆడుతున్నా, కంప్యూటర్ ఒక్కరోజైనా ఇవ్వనందా?"

"దానికి పుట్టిల్లు లేదు కాబట్టి."

ఆ గొడవ ఇక తెగేట్టు లేదని నేను కంప్యూటర్ వేసి, ఆ ఆటలోని మెనూలన్నీ మొదటిసారి ఓపిగ్గా తెరిచి చూశాను. ఒక మూల 'పావులను మీరే అమర్చుకోండి' అని ఉంది. అది ఉచితమే. (మెనూ ముట్టుకుంటే ఆట పాడవుతుందని నాన్న, ఆ పిచ్చి ఆటలో ఏముంటుందిలే అని నేను, ఇద్దరం దాని జోలికి పోలేదు.) నేల మీది రాజ్యాన్నంతా మళ్లీ తెర మీదికి ఎక్కించాను. నాన్న కుర్చీలో కూర్చున్నారు. ఏనుగును కొట్టారు. కంప్యూటర్ కిక్కురుమనలేదు. వెనక నుంచి అమ్మ, తన ఏనుగును ఒళ్లో పెట్టుకుని, "ఆ గుర్రం వస్తోంది చూసుకోండి" అంటూ ఇప్పుడు నాన్న పక్షం చేరిపోయింది. చివరికి తెర మీద, మీరే గెలిచారు అన్న అర్థంలో ఒక ఇంగ్లిషు ముక్క మెరిసింది. అంతే, చప్పుడు లేదు, మేళం లేదు. నాన్న దాన్ని చదివారు, కళ్లజోడు తుడుచుకుని మళ్లీ చదివారు. లేచి, ఎర్ర రేకును రెండు చేతులతో నాకిచ్చారు.

"ఎల్.సీ. ఇస్తున్నా. రేపు మార్చేసుకో."

మర్నాడు షాపుకి వెళ్తే ఓనరుగారు "అయిందా?" అన్నారు. సాయంత్రం వేస్తానన్నాను. మధ్యాహ్నమే సెలవు పెట్టి ఇంటికొచ్చాను. నాన్న అప్పుడే భోంచేసి, అలవాటు ప్రకారం కంప్యూటర్ ముందు కూర్చుని స్విచ్ దాకా చెయ్యి పెట్టారు. అంతలో గుర్తొచ్చినట్టుంది, చెయ్యి వెనక్కి తీసుకున్నారు. ఇచ్చేసిన ఎల్.సీ. కదా, ఇక ముట్టుకోకూడదు. లేచి వరండాలోకి వెళ్లి, అప్పటికే చదివేసిన పేపరు తీసుకుని కూర్చున్నారు. ఆ పేపరు ఒక్క పేజీ కూడా తిరగలేదు. అది చూసి నాకు ఎక్కడలేని కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియదు. పనిచేస్తున్నదాన్ని పనికిరాదని ఊరంతా చెప్పుకు తిరుగుతున్న నా మీదే కావచ్చు. కంప్యూటర్ వెనక నుంచి ఇంటర్నెట్ వైరు పీకేశాను. చదరంగానికి నెట్టెందుకు, వైరస్ ఏ దారిన వస్తుంది?

"నాన్నా, షట్‌డౌన్ వాయిదా పడింది. వచ్చి ఆడుకో" అన్నాను.

"మరి మీ ఓనరు?"

"ఆయనకి నేను చెప్పుకుంటా."

చెప్పుకున్నాను కూడా. మిర్చి వ్యాపారి మళ్లీ వచ్చినప్పుడు, ఓనరుగారు వింటుండగానే, "మా ఇంట్లో పాతదేనండీ, మా నాన్న చెస్ ఆడుకుంటారు. మీరు దేనికి వాడతారో చెప్పండి, మార్చాలో వద్దో అప్పుడు చెబుతాను" అన్నాను. ఓనరుగారు నన్ను కౌంటర్ నుంచి తీసి ప్రింటర్లు బాగుచేసే వెనక గదిలో పడేశారు. అక్కడ ఫ్యాను కూడా ఉండేది కాదు. చేతులనిండా సిరా, ఒళ్లంతా చెమట. అయినా ఆ షాపులో నేను తలెత్తుకుని పనిచేసింది ఆ గదిలోనే.

ఆ పాత కంప్యూటర్ ఇప్పటికీ కొండపల్లిలో నడుస్తూనే ఉంది. నాన్న ఇంకా రోజూ ఆడతారు, ఇంకా రోజూ ఓడతారు. ఆనాటి గెలుపు ఒక్కటే గెలుపు. ఎర్ర రేకు మాత్రం నా దగ్గరే ఉంది, ఇక్కడ నా ల్యాప్‌టాప్ వెనక గోడకి తగిలించుకున్నాను. ఫోన్ చేసినప్పుడల్లా నాన్న, "నా ఎల్.సీ. ఎప్పుడు తిరిగిస్తావే?" అని అడుగుతారు. "పని ఇంకా అవలేదు నాన్నా" అంటాను. అది నా దగ్గరున్నంతకాలం ఆ కంప్యూటర్ని మార్చడానికి ఇంకెవరూ చెయ్యి వేయకూడదు మరి. కారు మలుపు తిరగ్గానే డిస్కు పట్టుకుని గంతులేసిన ఆ పిల్లను తలుచుకుంటే ఇప్పుడు ముద్దొస్తుంది, ప్రపంచమంతా తన చేతిలో ఉన్న ఆ డిస్కులోనే ఉందనుకుంది పాపం. ఇంతలో నోటీసు మళ్లీ వచ్చింది. ఉండండి, 'తర్వాత' ఎక్కడ దాచారో వెతకాలి.