మోటారుకు చేసిన ఫోన్లు

నిన్న సాయంత్రం "మోటారు ఆన్ అయింది" అని ఫోన్‌లో ఆడగొంతు పలకగానే నా చేతిలోని తడి చీర బకెట్లోకి జారిపోయింది. ఫోన్ పట్టుకుని గడప మీద కూర్చున్నవాడు నా ఆరేళ్ల కొడుకు. అరగంట క్రితమే వాళ్ల నాన్న, బోరు దగ్గర తెగిన కేబులుకు అతుకు వేసి వస్తానని కటింగ్ ప్లేయర్ జేబులో పెట్టుకుని పొలానికి వెళ్లాడు.

మాది పెద్దకడుబూరు పక్క పల్లె. వేరుశనగకు నీళ్లు కట్టాలంటే త్రీఫేసు కరెంటు వంతు కోసం బోరు దగ్గర కాచుకోవాలి. అది పడలేక నా భర్త పోయినేడు ఎమ్మిగనూరు నుంచి సిమ్ కార్డుతో పనిచేసే స్టార్టర్ తెచ్చి బిగించాడు. ఇంట్లోంచే దానికి ఫోన్ చేసి ఒకటి నొక్కితే మోటారు తిరుగుతుంది, రెండు నొక్కితే ఆగుతుంది. కరెంటు లేకపోతే లేదని చెబుతుంది. "పొలానికి పోకుండానే పైరు కోసేటట్టుండావే నాయినా" అని మా అత్త ఎగతాళి చేసింది.

ఆయనకు మిషన్లంటే పిచ్చి. సినిమాల్లో సైన్సు తప్పులు పట్టడమంటే ఇంకా పిచ్చి. అంతరిక్షంలో గాలే లేనప్పుడు ఆ పేలుళ్లు ఎవరి చెవికి వినపడుతున్నాయంటాడు. గోడలోంచి దూరే దయ్యం నేలలోంచి కిందికి జారిపోదేమని నిలదీస్తాడు. ఒకసారి ఆదోనిలో సినిమా చూసి బస్సులో వస్తున్నాం. అందులో మతి పోయినవాడికి కరెంటు షాక్ కొట్టి అన్నీ గుర్తొస్తాయి. అది నిజమేనా అని కొడుకు అడిగాడు. "సినిమాలో కరెంటు కొడితే పోయిన మతి వస్తాదిరా. మన బోరుకాడ కొడితే ఉన్న మనిసే పోతాడు" అన్నాడాయన. బస్సులో వెనక సీటువాళ్లు కూడా నవ్వారు. నేనూ నవ్వాను.

పిల్లలు దేనికీ భయపడకూడదని, సైన్సు చేత్తో ముట్టుకుంటేనే వస్తుందని ఆయన నమ్మకం. అందుకే మోటారుకు ఫోన్ చేసే పనిని కొడుక్కీ, వాడి చెల్లెలికీ రోజు మార్చి రోజు ఇచ్చాడు. నేను బీఎస్సీ చదివినదాన్ని. ఒక్కసారైనా వద్దనలేదు.

ఫోన్ లాక్కుని మళ్లీ ఆ నంబరుకు చేసి రెండు నొక్కాను. మోటారు ఆగిందని ఆ గొంతే చెప్పింది. వెంటనే ఆయనకు చేశాను. మోగుతోంది, ఎత్తడం లేదు. పిల్లల్ని అత్తకు అప్పజెప్పి పరిగెత్తాను. పొలం దగ్గరే, కానీ గట్టు తరగడం లేదు. ఎవరైనా ఎదురై చెబుతారేమోనని మనుషుల్ని చూస్తే భయం, ఎవరూ ఎదురుపడకపోతే ఇంకా భయం.

ఆయన బోరుకు పది అడుగుల దూరంలో నిలబడి ఉన్నాడు. చొక్కా, ఫోన్ స్టార్టర్ స్తంభానికి వేలాడుతున్నాయి. పైపులోంచి వచ్చిన నీళ్లు కాలువ నిండా నిలిచాయి. ఆ నీళ్లలో మూడు వైర్ల అతుకులు, చుట్టి వదిలేసినవి, పైన ఏమీ లేకుండా మెరుస్తున్నాయి.

"ఆడనే నిలబడు. నీళ్లల్లో కాలు పెట్టాకు" అన్నాడు.

నేనే ఆపానని చెప్పాను. ఎవరు వేశారని అడిగాడు. చెప్పాను.

మా వంతు రాత్రి తొమ్మిదికి. వంతు కాని వేళ మా ఊళ్లో ఎవరూ ఫ్యూజులు పీకరు, కరెంటే ఉండదు కదా అని. ఈయనా పీకలేదు. నిన్న కరెంటు ముందే వచ్చింది. వైర్లు మెలిపెట్టాక చూస్తే టేపు లేదట. పక్క పత్తి చేను రైతును అడగడానికి అప్పుడే వెళ్లాడట.

"టేపు ఉండింటే అప్పుడు ఆ వైర్లు నా సేతుల్లోనే ఉండేవి" అన్నాడు.

ఇంటికి వచ్చాక ఫోన్ చూశాను. నాన్న గడప దాటినప్పటి నుంచి కొడుకు ఆ నంబరుకు ఏడుసార్లు చేశాడు. ఆరుసార్లు కరెంటు లేదని చెప్పిందట. వాటిలో చాలాసార్లు ఆయన వేళ్లు వైర్ల మీదే ఉండి ఉంటాయి. ఎందుకు చేశావురా అంటే, నాయిన అతుకు వేసేసరికి నీళ్లు వస్తే సంతోషపడతాడని అన్నాడు.

వాడికి చెప్పొద్దన్నాడు ఆయన, పసిమనసు జన్మంతా బెదిరిపోతుందని. చెప్పకపోతే మళ్లీ చేస్తాడని నా భయం. చెబితే ఆ బరువు వాడు ఎలా మోస్తాడని అంతకంటే పెద్ద భయం. తెల్లవార్లూ ఆయన ఛాతీ మీద చేయి వేసుకుని ఆలోచించాను.

ఈ ఉదయం ఇద్దర్నీ ఎదురుగా కూర్చోబెట్టుకున్నాను.

"నిన్న మీ నాయిన సేతిలో వైరు ఉండింటే, నువ్వు ఫోన్ సేసిన గడియకే సచ్చిపోయేటోడు. తప్పు నీది కాదు నాయినా. ఫోన్ నీ సేతికిచ్చిన మాది, ఫ్యూజులు పీకని మీ నాయినది. నాకు శానా భయమైంది, ఆయనకూ అయింది. ఇంక ఆ నంబరుకు మీరిద్దరూ సేయాకండి."