జడ్జిగారి బూట్లలో ఇసుక

మొన్న ఎండాకాలంలో కడప నుంచి మహానందికి బయలుదేరి, కాస్త చుట్టయినా సరే బనగానపల్లె మీదుగా పోదామని మా తమ్ముడి కొడుకును ఒప్పించాను. చాలా ఏళ్లుగా మళ్లీ చూడాలనుకుంటున్న తోట ఒకటి అక్కడ ఉంది. ఊరు దాటి తారు రోడ్డు దిగి మట్టి రోడ్డులో కొంత దూరం పోయాక వాడు కారు ఆపేసి, ఫోను నా ముఖం ముందు పెట్టి, "ఇంక దావ లేదత్తా, ఈడ ఏరు చూపిస్తాండాది" అన్నాడు. చూస్తే ఫోనులో నీలం గీత, ఎదురుగా ఎండకు పెళపెళలాడే ఇసుక, అటూ ఇటూ కంపచెట్లు. చుక్క నీరు లేదు. నాకు ఆగకుండా నవ్వు వచ్చింది. బీపీ మాత్ర వేసుకున్నానో లేదోనని వాడు కంగారుపడ్డాడు కూడా. దూరంగా గొర్రెలు మేపుకుంటున్న ఒకతను కనిపిస్తే పోయి దారి అడిగిరమ్మని వాడిని పంపించి, కారులోనే కూర్చుని నా తొలి ఉద్యోగం రోజుల్లోకి వెళ్లిపోయాను.

బద్వేలు దగ్గర మా పల్లెలో మాది మెట్ట సేద్యం, మా నాయన చర్చిలో పెద్ద. మా చర్చి ఇళ్లల్లో ఆడపిల్ల చదివిందంటే టీచరన్నా కావాలి, నర్సన్నా కావాలి. మన ఈడు వాళ్లకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కరలేదు. నేనేమో చిన్నప్పటి నుంచీ ఎదురు వాదించకుండా అన్నం కూడా తినని దాన్ని గనుక లా చదివాను. చదివి హైదరాబాదులో హైకోర్టులో అప్పీళ్లు వినే సీనియర్ జడ్జిల దగ్గర లా క్లర్కుగా కుదిరాను. అంటే ఏం లేదు, కేసు కట్టలన్నీ ముందుగా చదవడం, లైబ్రరీలో పాత తీర్పులు వెతకడం, విచారణకు ముందు జడ్జిగారికి నోట్ రాసి ఇవ్వడం. తీర్పులో మన పేరు ఎక్కడా ఉండదు, ఛాంబరులో జరిగిన మాట బయట అనడానికి లేదు. ఇద్దరి దగ్గర చేశాను. మొదటి ఆయన మాట్లాడితే ముత్యాలు రాలతాయేమో అన్నట్టు ఉండేవారు కాబట్టి ఆయన గురించి చెప్పడానికి నాకూ ఏమీ లేదు.

రెండో ఆయనది గోదావరి ప్రాంతం. ఏడాది పొడవునా కాలువలు పారే ఊళ్లో పుట్టి పెరిగిన మనిషి. ఆయనకొక అలవాటు ఉండేది. కేసు కట్ట చేతికి ఇచ్చి, ఎవరు ఓడిపోయేలా కనిపిస్తున్నారో వాళ్ల తరఫునే ముందు నోట్ రాయమనేవారు. గెలిచే వాళ్ల మాటలు ఎలాగూ తన చెవిన పడతాయి, ఓడే వాళ్ల మాట ఒక్కసారైనా సరిగ్గా వినాలి కదా అనేవారు. తక్కిన జడ్జిల దగ్గర పనిచేసే వాళ్లు దీన్ని వట్టి వెట్టిచాకిరీ అని నన్ను చూసి జాలిపడేవారు గానీ, నాకు మాత్రం జీతమిచ్చి మరీ వాదించుకోమన్నట్టు ఉండేది.

అలా నా చేతికి వచ్చిందే ఈ బనగానపల్లె తోట అప్పీలు. భర్త పోయిన ఒక పెద్దమ్మకు వంక, అంటే చిన్న వాగు, చివర చిన్న మామిడితోట. రోడ్డు వైపు వంక మొదట్లో ఒక పెద్ద ఆసామి తోట. ఆసామి తన తోట దాటగానే వంకకు అడ్డంగా రాతికూసాలు పాతి ముళ్లకంచె వేశాడు. దానితో ఆమె తోటకు బండి పోయే వీలు లేకుండా పోయింది. కాయలు గంపల్లో పెట్టుకుని పొలంగట్ల మీద మోసుకుపోవలసిందే. బండి రాని తోటను గుత్తకు తీసుకునే వ్యాపారి ఎవరుంటారు? ఈ అప్పీలు కూడా పోతే తోటను ఆ ఆసామికే అమ్ముకోవడం తప్ప ఆమెకు వేరే గతి లేదు, ఆసామికి కావలసిందీ అదే. కింది కోర్టులు రెండూ ఆమె దావా కొట్టేశాయి. కారణం వింటే మీరూ నవ్వుతారు. చూసిరమ్మని కోర్టు పంపిన కమిషనరుగారు ఏడాది మొత్తంలో వంక పారే ఆ నాలుగు రోజుల్లోనే వెళ్లి, మోకాలి లోతు నీళ్లు చూసి, ఇది పారే వంకే గానీ దారి కాదని రాసి ఇచ్చారు.

జడ్జిగారికీ అదే సబబుగా తోచింది. రెండు కోర్టులు ఒకే మాట చెప్పాక సెకండ్ అప్పీలులో మనం కలగజేసుకోకూడదు, అయినా నీళ్లలో బండి ఎలా పోతుందమ్మాయ్ అన్నారు. నాకు ఒళ్లు మండింది. ఛాంబరులో ఎంతో జాగ్రత్తగా దాచుకునే మా ఊరి యాస తన్నుకుని వచ్చేసింది. "మా వంకల్లో నీళ్లు యాడుంటాయి సార్, నాలుగు దినాలు పారితే శానా ఎక్కువ. మిగిలిన ఏడాదంతా బండ్లే పోతాంటాయి" అన్నాను. ఆయన కోప్పడలేదు. నువ్వు చెప్పేది నిజమే కావచ్చు, కానీ నీ మాట సాక్ష్యం కాదు, నీకు తెలిసినదాన్ని బట్టి నేను తీర్పు రాయకూడదు అన్నారు. కళ్లల్లో నీళ్లు తిరిగాయి, ఆ పెద్దమ్మను నేను కంటితో చూసి కూడా ఎరగను.

అయితే నా మాట చెల్లకపోతే ఆయన కళ్లు చెల్లుతాయి కదా అన్న ఆలోచన లైబ్రరీ మెట్లెక్కుతుండగా వచ్చింది. వ్యాజ్యం ఏ దశలో ఉన్నా కోర్టు తానే పోయి ఆస్తిని చూడవచ్చునని సివిల్ ప్రొసీజర్ కోడులో నియమం ఉంది. అందరం పరీక్ష కోసం బట్టీపట్టి మరిచిపోయినదే. అప్పీలు వినే కోర్టుకూ ఆ అధికారం ఉందని పాత తీర్పులు వెతికి తీశాను. దానితో పాటు, వంక పోరంబోకు భూమి గనుక దానికి అడ్డంగా కంచె వేసే హక్కు ఎవరికీ లేదనీ, కింది కోర్టులు ఆ ప్రశ్నే వేసుకోలేదనీ నోట్ రాసి బల్ల మీద పెట్టాను. మూడో రోజు కోర్టు హాలులో ఇరువైపుల వకీళ్లనూ నిలబెట్టి, వేసవి సెలవుల్లో నేనే వచ్చి చూస్తాను, మీరూ రండి అని చెప్పారు. నేను వెనక బెంచీలో కూర్చుని కాళ్లు నేలకు ఆనకుండా ఆ సాయంత్రం దాకా ఎలా గడిపానో నాకే తెలియదు.

మే నెల ఎండలో అందరం ఆ వంకలో దిగి నడిచాం. ముందు జడ్జిగారు, అటూ ఇటూ వకీళ్లు, వెనక ఆసామి, అందరికన్నా వెనకగా కొంగు నెత్తిన కప్పుకున్న పెద్దమ్మ, నేను. నల్ల బూట్లు వద్దు సార్, ఇసుక అని నేను ముందే చెప్పాను గానీ కోర్టు అంటే కోర్టేనని ఆయన వినలేదు. పది అడుగులకొకసారి ఆగి బూటు విప్పి ఇసుక దులుపుకుంటున్నారు. ఆసామి వకీలు మంచి మాటకారి. వానలు పడితే ఇక్కడ మనిషే నిలవలేడనీ, ఈ వంకను దారి అనడం అన్యాయమనీ చెప్పుకుంటూ వస్తున్నాడు. అంతలో వంక మలుపు తిరిగి ఎదురుగా నిండా మామిడికాయల పెట్టెలతో ఒక ట్రాక్టరు వచ్చింది. డ్రైవరు హారను కొట్టి కొట్టి, మేం కదలకపోయేసరికి ఆపి కిందికి వంగి చూశాడు.

"ఏమప్పా, నడిదావలో నిలబడుకున్నారే? రోంత పక్కకు జరగండప్పా, ఎండకు కాయ చెడిపోతాది" అన్నాడు.

జడ్జిగారు ఎవరి కాయలు బాబూ అని నెమ్మదిగా అడిగారు. అతను మా వెనక నిలబడిన తన యజమానిని చూసుకోలేదు పాపం. "మా ఆసామివే సార్. ఇది తప్ప వేరే దావ యాడుండాది, తాతల కాలం నుంచీ అందరం వంకలోనే తిరుగుతాండాము" అన్నాడు. ఆసామి కంపచెట్ల వైపు చూడసాగాడు. జడ్జిగారు ఒడ్డు మీదికి జరిగి, మా అందరినీ జరగమని చెయ్యి ఊపి, ట్రాక్టరు దుమ్ము లేపుకుంటూ పోయేదాకా నిలబడి, నా వైపు తిరిగారు.

"ట్రాక్టరుకు కోర్టు దారి ఇచ్చింది. రాసుకో అమ్మాయ్" అన్నారు.

నవ్వు ఆపుకుంటూనే అక్షరం పోకుండా రాసుకున్నాను. పెద్దమ్మ మాత్రం నవ్వలేదు. కొంగు నోటికి అడ్డం పెట్టుకుని అక్కడే ఇసుకలో కూర్చుండిపోయి, "నేను చెప్తే ఎవురూ నమ్మకపోతిరి గదమ్మా" అని నాతో అంది. సెలవులు కాగానే అప్పీలు గెలిచింది, కంచె తీసేయమని తీర్పు వచ్చింది. పోరంబోకు సంగతి రాసిన పేరాలో నా నోట్‌లోని రెండు వాక్యాలు అక్షరం పొల్లు పోకుండా ఉన్నాయి. ఆ తీర్పు చదువుతుంటే విని, ఎవరికీ చెప్పుకోవడానికి లేక, కోర్టు ఎదుట ఉన్న హోటల్లో ఒక్కదాన్నే కూర్చుని రెండు మసాలా దోసెలు తిన్నాను. ఆ తరువాత నేను వకీలునై కడపలో ఎన్నో కేసులు నా పేరు మీదనే గెలిచాను గానీ, ఆ దోసెల రుచి మళ్లీ తగలలేదు.

ఇప్పుడు మా తమ్ముడి కూతురు కూడా ఒక జడ్జి దగ్గర ఇదే పని చేస్తోంది. నేను వారం రోజులు దుమ్ములో వెతికిన తీర్పులను అది కాఫీ చల్లారేలోగా కంప్యూటరులో తీసేస్తుంది. తెలివైన పిల్ల, నాకన్నా బాగా రాస్తుంది. మీ జడ్జిగారు ఎప్పుడైనా పోయి చూసివస్తారా అని అడిగితే, ఫోటోలూ మ్యాపులూ అన్నీ ఫైలులోనే ఉంటాయి కదా అత్తా అంటుంది. నిజమే. ఆ రోజు కమిషనరుగారు రాసిన కాగితమూ ఫైలులోనే ఉంది.

ఇంతలో దారి అడగపోయిన మా తమ్ముడి కొడుకు తిరిగివచ్చి, ఆ గొర్రెలతను వంకలోకే దిగి నేరుగా పొమ్మంటున్నాడని చెప్పి కారు తీశాడు. "దీని పేరు జడ్జి దావ అంటత్తా. ఎందుకని అడిగితే తెల్దంటాండాడు. వాళ్ల నాయన అట్లనే అంటాంటే తానూ అంటాండాడంట" అన్నాడు. ఇసుకలో కొత్తగా పడిన ట్రాక్టరు చక్రాల జాడలు ఉన్నాయి. ఫోను వెనక్కి తిరగమని చెబుతూనే ఉంది, కారు మాత్రం ముందుకే పోయింది. ఈ మాట విని ఉంటే జడ్జిగారు ఎంత నవ్వేవారో. ఆయన పోయి చాలా ఏళ్లయింది, ఛాంబరు మాటలు బయట చెప్పకూడదన్న కట్టుబాటు కూడా ఆయనతోనే పోయిందనుకుని మీకు చెబుతున్నాను.