కాలని వత్తి

సాలూరు లాడ్జీల మీద నాకొక ఫిర్యాదు ఉంది. దిండ్లు. పగలంతా రాళ్లతో గడిపేవాడికి రాత్రి తల కింద కూడా అవే ఎందుకని ఏ యజమానీ ఆలోచించడు. ఇరవై ఏళ్ల కిందటి వేసవిలోనూ, పోయిన మార్గశిరంలోనూ అదే దిండు.

ఆ వేసవిలో నేను జియాలజిస్టుగా ఊరి బయట ఒక కొండను సర్వే చేశాను. అక్కడ సర్పెంటినైట్ ఉంది. భూమి లోతుల్లో వేడినీళ్లు చొరబడి, నల్లరాయిని పాము చర్మంలాంటి పచ్చరాయిగా మార్చేస్తాయి. పగుళ్లలో అవే నీళ్లు పేర్చిన తెల్లటి ఖనిజాన్ని వెయిన్ అంటాం, అంటే రాతిలో నరం. ఆ నరాల్లో ఉన్నది క్రిసోటైల్. గోటితో గీరితే పట్టుదారంలా విడిపోతుంది. మామూలు మాటల్లో ఆస్‌బెస్టాస్.

మా పగటి క్యాంపుకి వంటచేసే పైడమ్మ, కొండ కింది రామాలయానికి వత్తులు చేసేది. అది వాళ్లింటి సేవ. ఒక సాయంత్రం ఆమె పత్తి పేనుతుంటే నాకు తెలివి ప్రదర్శించాలనిపించింది. రాతి పీచును పేని, నూనెలో ముంచి వెలిగించాను. నూనె అయిపోయింది. వత్తి అలాగే ఉంది.

"ఇదేటి బాబూ, మండతాది గానీ కాలదేటి?"

"కోట్ల ఏళ్లు వేడినీళ్లలో ఉడికింది అప్పా. నీ దీపానికి బెదురుతుందా?"

"మరి మీ మూతికి ఆ గుడ్డేటి?"

ఆ పీచు ఊపిరితిత్తుల్లోకి పోతే తిరిగి రాదని నాకు తెలుసు. అందుకే మాస్కు కట్టుకున్నాను.

"నీ పులుసులో ఇంగువ ఘాటుకి," అన్నాను.

క్యాంపంతా నవ్వింది. మర్నాటి నుంచి పులుసులో ఇంగువ తగ్గింది.

నరాలు సన్నం, తవ్వితే గిట్టదని రిపోర్టు రాసి వెళ్లిపోయాం. నమూనాల కోసం తవ్విన గొయ్యి పూడ్చలేదు.

పోయిన మార్గశిరంలో రోడ్డు కంకర పని మీద మళ్లీ వెళ్లాను. పైడమ్మ గుడి అరుగు మీద ఉంది. కూర్చుందనడం కన్నా, ఊపిరి కోసం ఎదురుచూస్తోందనడం సబబు. మా గోతిలోంచి బుట్టలతో రాయి తెచ్చి, రోట్లో దంచి, దువ్వెనతో దువ్వి, చుట్టుపక్కల గుళ్లన్నిటికీ కాలని వత్తులు చేసిందట. పీచు గాలికి ఎగిరిపోకుండా తలుపులు మూసుకుని.

"పట్నం డాక్టరు ఎక్స్‌రే సూసి, సిమెంటు రేకుల ఫ్యాక్టరీలో పన్జేసినావా అన్నాడు బాబూ. నాను దేవుడి పనే సేసినానన్నాను. ఇంకేటి మందుల్లేవట."

రాయి గురించి తెలిసిన నాలుగు ముక్కల్లో ఏది ముందు చెప్పాలో నాకు ఏ కాలేజీలోనూ నేర్పలేదు. పైడమ్మ దగ్గర నేర్చుకున్నాను, ఫీజు ఆమే కట్టింది. ఆ రోజు మాస్కు ఎందుకు కట్టుకున్నానో అరుగు మీద పక్కనే కూర్చుని, ఆలస్యంగా చెప్పాను.

ఆమె దగ్గు ఆగేదాకా ఆగి, నా మొహంలోకి చూసింది.

"అయితే ఆ గుడ్డ నా ఇంగువకి కాదన్నమాట."